డాక్టర్ సలహా: షుగర్ మా వంశంలోనే ఉంది, తిండి మార్చి ఏం లాభం?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తాతయ్యకి, నాన్నకి, పెదనాన్నకి షుగర్. ఈమధ్య చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.0 వచ్చింది, లివర్‌లో కాస్త కొవ్వు ఉందన్నారు. నడుము 96 సెంటీమీటర్లు. షిఫ్టు వల్ల రాత్రి భోజనం పదకొండుకి, ఎక్కువగా బయటి బిర్యానీ, కూల్‌డ్రింక్. మంచి ఆహారంతో జన్యువుల పనితీరు మారుతుందని చదివాను. జీన్ టెస్ట్ చేసి డైట్ చార్ట్ ఇస్తామంటున్నారు. చేయించుకోవాలా? మేము పిల్లల కోసం కూడా ప్లాన్ చేసుకుంటున్నాం.

జవాబు: ఆ టెస్ట్ డబ్బులు మిగుల్చుకోండి. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 609 మందిలో కొందరికి కొవ్వు తక్కువ, కొందరికి పిండిపదార్థాలు తక్కువ ఉన్న ఆహారం ఏడాదిపాటు ఇచ్చి చూశారు. ఎవరికి ఏది నప్పుతుందో వాళ్లు పరీక్షించిన జన్యువులు ముందే చెప్పలేకపోయాయి. మీ ఇంట్లో ముగ్గురికి షుగర్ ఉందంటే, వంశం గురించి తెలియాల్సింది తెలిసిపోయినట్టే.

మీరు చదివింది మాత్రం నిజమే. తిండితో జన్యువు మారదు. అది ఎంత పనిచేయాలన్నది మారుతుంది. ఇన్సులిన్ జన్యువు మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంది, కానీ దాన్ని వాడుకునేది పాంక్రియాస్‌లోని బీటా కణాలే. మిగతా చోట్ల అది ఉన్నా లేనట్టే. ఇలాంటి నియంత్రణ కొంత శాశ్వతం, కొంత పూటపూటకీ మారేది.

ఆ పూటపూటకీ మారేదే మీ లివర్‌ కథ. బిర్యానీ, కూల్‌డ్రింక్ కలిసి లోపలికి వెళ్లగానే రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్ పెరుగుతాయి. ఆ రెండూ కాలేయంలో కొవ్వు తయారుచేసే జన్యువులను గంటల్లోనే చురుగ్గా చేస్తాయి. ఎప్పుడో ఒకసారైతే ఫర్వాలేదు. వారానికి ఐదు రాత్రులు ఇదే వరస అయితే ఆ కొవ్వు స్కానింగ్‌లో కనబడుతుంది. పప్పులు, ఆకుకూరల్లోని పీచు పని వేరు. దాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం చేస్తాయి. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద అది ప్రభావం చూపి, కొన్ని జన్యువుల పని తీరును మారుస్తుంది. (ఇది విని ‘జన్యువులను సరిచేసే పొడి’ అని ఎవరైనా అమ్మితే కొనకండి. గోంగూర పప్పు చాలు.)

వంశంలో ఉంటే తప్పదా అంటారా? అమెరికాలో షుగర్ అంచున ఉన్నవాళ్లపై జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో షుగర్ ముప్పు పెంచే మార్పు ఉన్నవాళ్లకూ ఈ పద్ధతి పనిచేసింది. చెన్నైలో మనవాళ్లపై చేసిన ఇలాంటి అధ్యయనంలో తగ్గుదల 28 శాతం పైచిలుకు. తక్కువే అనిపించినా, మందు లేకుండా అంత దక్కడం చిన్న విషయం కాదు.

మన కంచంలో లోపం అన్నం ఒక్కటే కాదు, పక్కన ఉండాల్సినవి ఉండకపోవడం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజు కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది. మనలో చాలామందికి అంతకంటే ఎక్కువే. సగం కంచం కూరలు పెట్టుకోండి. బంగాళాదుంప వేపుడు ఆ లెక్కలోకి రాదు. రోజూ పప్పు, అలసందలు, గుడ్డు, చేప లాంటివి ఏదో ఒకటి ఉండాలి. కొర్రలూ ధాన్యమే కాబట్టి గిన్నె నిండా తింటే లాభం లేదు. షిఫ్టు మార్చుకోలేకపోతే అసలు భోజనం ఎనిమిదికే డబ్బాలో తీసుకెళ్లి తినేయండి. పదకొండుకి ఆకలేస్తే మజ్జిగ, గుప్పెడు పల్లీలు. కూల్‌డ్రింక్ పూర్తిగా మానేయండి, అందులో బేరం లేదు.

పిల్లల సంగతికొస్తే, జన్యువు ఎంత పనిచేయాలో చెప్పే రసాయన గుర్తులు జన్యువులపై పడుతుంటాయి, వాటిలో కొన్ని చాలాకాలం నిలుస్తాయి. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు కడుపులో పడ్డవాళ్లలో, 60 ఏళ్ల తర్వాత కూడా ఒక పెరుగుదల జన్యువుపై తేడా కనబడింది. ఈ గుర్తులు వేయడానికి శరీరానికి ఫోలేట్, బి12 కావాలి. శాకాహారుల్లో బి12 లోపం చాలా ఎక్కువ. మీ భార్యకు ఇప్పుడే బి12, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. గర్భం రావడానికి కనీసం నెల ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. అంతకన్నా ఎక్కువ డోసు గైనకాలజిస్టు చెబితేనే.

మీ నడుము 90 సెంటీమీటర్ల లోపుకి రావాలి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. ఎర్ర రక్తకణాల ఆయుష్షు 120 రోజులు కాబట్టి అంతకుముందు చూసినా సరిగ్గా తెలియదు. 6.5 తాకినా, ఈలోగా అతిదాహం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపించినా ఆగకుండా డాక్టర్‌ని కలవండి.