పెట్రోలు పొయ్యకు బాబూ!

ప్రశ్న: మాస్టారూ, డిగ్రీ చదువుతున్నాను. మొదటి నైట్రో ఆర్‌సీ టూరింగ్ కారు (నైట్రో ఇంధనంతో రోడ్డు మీద పరుగెత్తే రిమోట్ కంట్రోల్ బొమ్మ కారు) ఎలాంటిది కొనాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ముందు రోడ్డు చూసుకో బాబూ. టూరింగ్ కారు పొట్ట నేలకి 5-6 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. రాయగడలో మా వీధిలో నాది మొదటిరోజే గులకరాయికి తగిలి పల్టీ కొట్టింది, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ పుటుక్కుమంది. ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క కోసం 3 వారాలు ఎదురుచూశాను. అందుకే విడిభాగాలు దొరికే మోడలే తీసుకో. అసలు కారులో పదోవంతు (1/10) సైజు, 2.1 సీసీ ఇంజను, తాడు లాగి స్టార్ట్ చేసేది చాలు. ఇంజనులో ఇంధనాన్ని మండించే గ్లో ప్లగ్‌ని వేడిచేసే ఇగ్నైటర్ విడిగా కొనాల్సి రావచ్చు, అడుగు.

దీని ఇంధనం పెట్రోలు కాదు; మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిసినది. కొత్త ఇంజను కుదురుకునేదాకా, మొదటి నాలుగైదు ట్యాంకులు గాలితో కలిసే ఇంధనం వాటా ఎక్కువ పెట్టి, పొగ కనిపిస్తుండగా నెమ్మదిగా నడుపు. ఆట అయ్యాక ట్యాంకు ఖాళీచేసి, ఇంజనులో రెండు చుక్కల ఆఫ్టర్‌రన్ ఆయిల్ (నడిపాక తుప్పు పట్టకుండా వేసే నూనె) వెయ్యి. లేకపోతే మిగిలిన మిథనాల్ తేమ లాగుతుంది, బేరింగులు తుప్పుపడతాయి.