అమ్మకి తెలియకుండా పెరుగన్నం

ప్రశ్న: నాకు 35 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను, హైదరాబాద్‌లో ఉంటాం. పాల కోసం దూడల్ని తల్లుల దగ్గర్నుంచి ఎలా విడదీస్తారో ఏడాది కిందట చూశాక పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం అన్నీ మానేశాను. మూడు నెలల నుంచి పిల్లలకి కూడా మాన్పించాను. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఐదు. మావారికి ఆదివారం చికెన్ ఉండాల్సిందే, ఇంట్లో వండనంటే బయట తినొస్తున్నారు. అత్తయ్య మాతోనే ఉంటారు. నేను ఆఫీసుకి వెళ్లాక ఆవిడ పిల్లలకి పెరుగన్నం పెడుతున్నారని మొన్న తెలిసింది. పాపని అడిగితే లేదని అబద్ధం చెప్పింది, తర్వాత వెక్కివెక్కి ఏడ్చింది. అత్తయ్యకీ నాకూ మాటల్లేవు. పిల్లల్ని వీగన్‌గా పెంచడం తప్పా? వీళ్లకి ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

జవాబు: తప్పు కాదమ్మా. మూగజీవి బాధ చూసి కళ్లు తిప్పుకోకుండా, ఇన్నేళ్ల అలవాటుని ఒక్కసారిగా మార్చుకున్నారంటే మీ మనసు ఎలాంటిదో అర్థమవుతోంది, ఆ మనసుని వదులుకోమని నేను చెప్పను. కానీ మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది పాప ఏడుపు.

ఒక్కసారి మీ ఇంటిని ఆ పిల్ల వైపు నుంచి చూడండి. నాన్న బయట తింటాడు. నాయనమ్మ అమ్మ లేనప్పుడు పెడుతుంది, అమ్మకి చెప్పొద్దంటుంది. అమ్మ అడిగితే నిజం చెప్పాలి, చెబితే నాయనమ్మని పట్టించినట్టు, చెప్పకపోతే తను దొంగ. తొమ్మిదేళ్ల పిల్ల ఎటు వెళుతుంది? మీరూ అత్తయ్యా మావారూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం ఆ పిల్ల కంచం దగ్గర తేలుతోంది.

అందుకే అన్నిటికన్నా ముందు, రేపో ఎల్లుండో కాదు, ఈ రాత్రే పాపని పక్కన పడుకోబెట్టుకుని చెప్పండి: "నువ్వు పెరుగన్నం తిన్నందుకు నాకు కోపం లేదు. నీకు తినాలనిపించడం తప్పు కాదు. నాయనమ్మ మీద కూడా కోపం లేదు. పెద్దవాళ్లం మేం మాట్లాడుకుంటాం, నువ్వు ఇంక ఏదీ దాచక్కర్లేదు." ఇంతే, దీని తర్వాత "కానీ దూడ పాపం కదా" అని కలపకండి. ఇంకోటి, దూడల్ని విడదీసే వీడియోలు ఏవైనా పిల్లలకి చూపించి ఉంటే ఇక ఆపేయండి. ఐదేళ్లవాడికి అవి భయాన్నే నేర్పుతాయి. తిండికి నేరభావం తగులుకుంటే ఎదిగే వయసులో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, దాచుకుని తినడం, తిన్నాక కుమిలిపోవడం, చివరికి తిండి అంటేనే భయపడటం దాకా వెళ్లడం నేను చూశాను.

ఇక అత్తయ్య. ఆవిడ చేసింది సరైంది అనను, పిల్లల చేత రహస్యం దాయించకూడదు. కానీ మన ఇళ్లలో పెరుగన్నం తినకుండా లేస్తే భోజనం అయినట్టే కాదు, బిడ్డకి ఒంట్లో బాగోకపోయినా చివరికి ఇచ్చేది ఆ మజ్జిగన్నమే. దాన్ని మీరు ఒక్కరోజులో తీసేశారు, ఆవిడని అడగను కూడా అడగలేదనుకుంటాను. తన కొడుకుని పెంచిన తిండి హింస అంటే ఆవిడకి ఎలా ఉంటుంది? పైగా ఆవిడ భయం ఒకటే అయి ఉంటుంది, పిల్లలు నీరసించిపోతారేమో అని. ఆ భయం ఉత్తది కాదు, మూఢనమ్మకం అని కొట్టేయకండి.

పిల్లల వీగన్ తిండి గురించి పోషకాహార నిపుణుల్లోనే పూర్తి ఏకాభిప్రాయం లేదు. జర్మనీ పోషకాహార సంఘం 2016లో పిల్లలకి వద్దనే చెప్పింది, 2024లో మళ్లీ పరిశీలించి వద్దనీ అనలేదు, పెట్టమనీ అనలేదు. యూరప్ పిల్లల డాక్టర్ల సంఘం 2017లో పసిబిడ్డల విషయంలో డాక్టర్ లేదా పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో, విటమిన్ బి12 ఇస్తూ మాత్రమే చేయించమంది. అంటే జాగ్రత్తగా చేస్తే కుదురుతుంది, పాలు తీసేసి మిగతాది అలాగే ఉంచితే మాత్రం ప్రమాదం. మీరు ఉత్తరంలో ఏం మాన్పించారో రాశారు, వాటి బదులు ఏం పెడుతున్నారో ఒక్క మాట లేదు. నాకు అక్కడే గుబులు పుట్టింది.

బి12 విషయం గట్టిగా చెబుతాను, ఇందులో రాజీ లేదు. మొక్కల నుంచి వచ్చే ఏ తిండిలోనూ నమ్ముకోదగ్గ బి12 లేదు. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుంది, చద్దన్నంలో ఉంటుంది, స్పిరులినా అనే నాచులో ఉంటుంది అని ఎవరెన్ని చెప్పినా పిల్లల్ని వాటి మీద వదిలేయకండి. పెద్దవాళ్ల కాలేయంలో కొన్నేళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది, పిల్లలకి అంత ఉండదు. లోటు మెల్లగా వస్తుంది, ముందు నీరసంలా, చదువు మీద ధ్యాస లేనట్టు కనిపిస్తుంది, ముదిరితే నరాలు దెబ్బతింటాయి, ఒక్కోసారి ఆ నష్టం పూర్తిగా పూడదు కూడా. పిల్లల డాక్టర్ దగ్గరికి ఇద్దర్నీ తీసుకెళ్లి వీగన్ అని దాచకుండా చెప్పండి. బి12, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి చూడమనండి, బి12 మందు ఎంత, ఎన్నాళ్లు అనేది ఆయనే రాస్తారు. ఎత్తు, బరువు రాసుకుంటూ ఉండండి. ఏడాదిగా మీరూ మానేశారు కాబట్టి మీ రక్తం కూడా ఇవ్వండి.

తర్వాత కాల్షియం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం మీ బాబు వయసుకి రోజుకి 550 మిల్లీగ్రాములు, పాప వయసుకి 650 కావాలి. వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది, బాగానే ఉంది, కానీ ఐదేళ్లవాడు రోజూ వంద గ్రాముల రాగిపిండి తినడు కదా! కాబట్టి రాగిజావ ఒక్కదాని మీద ఆధారపడకుండా కాల్షియం కలిపిన సోయా పాలు, పొట్టు తీయని నువ్వులతో చిమ్మిలి, పప్పులో మునగాకు, మధ్యమధ్యలో టోఫు (సోయా పనీర్) పెట్టండి. బాదం పాలలో ప్రొటీన్ బాగా తక్కువ, వాటిని ఆవు పాలకి బదులు అనుకోకండి.

ప్రొటీన్‌కి మనకి కరువేం లేదు. పెసరట్టు, ముద్దపప్పు, సెనగల గుగ్గిళ్లు, అలసంద గారెలు, మీల్ మేకర్ కూర, పల్లీ చట్నీ, ఇవన్నీ పిల్లలు ఎలాగూ ఇష్టంగా తినేవే. ఆకుకూర పప్పు మీద నిమ్మరసం పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుంది. అవిసె గింజల కారప్పొడి ఇడ్లీలోకి చేయండి. సైంధవ లవణం వాడుతుంటే మానేసి అయోడిన్ ఉప్పుకి మారండి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెబుతాను. రిపోర్టులు వచ్చి, మందు మొదలై, మీ ముగ్గురి మధ్య ఒక ఒప్పందం కుదిరేదాకా పిల్లల పెరుగు పిల్లలకి ఇచ్చేయండి, బహిరంగంగా, మీరు ఇంట్లో ఉన్నప్పుడే. ఓడిపోయినట్టు అనుకోవద్దు. పిల్లలు మీ ఇద్దరి బిడ్డలు, వాళ్ల తిండి ఎలా ఉండాలో మీ ఒక్కరి నిర్ణయం కాకూడదు. మావారితో పిల్లలు పడుకున్నాక కూర్చోండి, "మీరు చికెన్ మానండి" అని మొదలుపెట్టకండి, ఆయన తిండి ఆయనది. ఇంట్లో ఏం వండాలి, పుట్టినరోజు కేకు, గుడిలో చక్రపొంగలి, అమ్మమ్మగారి ఊళ్లో జున్ను ఎదురైతే పిల్లలు ఏం చేయాలి, ఈ రెండే మాట్లాడండి. బయట ఎవరైనా పెట్టింది పిల్లలు తినాలనుకుంటే తినొచ్చు అని నేనైతే ఒప్పుకుంటాను, లేకపోతే మళ్లీ దాచుకోవడమే మొదలవుతుంది.

మార్పు తేలికైన వాటితో మొదలుపెట్టండి. పులిహోర, గారెలు, పప్పుచారు ఉన్న రోజు చివర్లో పెరుగు తప్పితే అదంతా ముందునుంచీ వీగనే కదా. ఆవకాయన్నంలో నెయ్యి బదులు పప్పునూనె కలిపి చూడండి, అదీ కొత్తేం కాదు, ఎన్నో ఇళ్లలో అలాగే తింటారు. పొద్దున గ్లాసులో సోయా పాలు పాపకి నచ్చాయో లేదో అడగండి, నచ్చకపోతే వేరేది చూడండి. పెరుగుని ఆఖర్న పెట్టుకోండి, అదే అన్నిటికన్నా కష్టం. పాపకి పన్నెండు, పదమూడు వచ్చాక తనే ఆలోచించి మీ దారిలోకి రావచ్చు, రాకపోవచ్చు కూడా, దానికీ సిద్ధపడి ఉండండి.

పెరుగు గురించే ఒక సంగతి. పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి వడకట్టి, అడుగంటకుండా కలుపుతూ కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూత పెడితే పెరుగు తోడుకుంటుంది. మొదటిసారి సరిగ్గా గట్టిపడదు, దాన్నే తోడుగా వాడితే రెండోసారి బాగుంటుంది. ఇందులో బి12 ఉండదు, కాల్షియమూ పాలంత ఉండదు, రుచి కోసం మాత్రమే. ఈ ఆదివారం ఒక గిన్నెడు పల్లీ పాలు కాచి అత్తయ్య ముందు పెట్టండి. తోడు పెట్టడం మీకన్నా ఆవిడకే బాగా తెలుసు. "అత్తయ్యా, నాకు ఇది సరిగ్గా తోడుకోవడం లేదు, వేడి ఎంత ఉండాలో మీరు చూడండి" అని అడగండి. ఆవిడ మొదట మాట్లాడకపోవచ్చు, గిన్నె మాత్రం అక్కడే ఉంచి రండి.

రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. పాప ఎలా ఉందో తప్పకుండా రాయండి.