కుఫ్రి జ్యోతికి లేట్ బ్లైట్ ఎందుకు సోకుతోంది?

లేట్ బ్లైట్ అనే ఆకుమాడు తెగులును తట్టుకుంటుందని పేరున్న కుఫ్రి జ్యోతి బంగాళాదుంప రకంలోనే ఆకులు మాడిపోతుంటే విత్తనం నకిలీదేమోనని మీరు అడిగారు. నకిలీ కానక్కరలేదు. పరిశోధక విద్యార్థిగా సిమ్లా దగ్గరి కుఫ్రిలో బంగాళాదుంప సంకరణ పనుల్లో పాల్గొన్న అనుభవంతో జవాబిస్తున్నాను.

దుంప నుంచే దుంపను పెంచుతాం కనుక, జన్యుపరంగా జ్యోతి ఇప్పటికీ 1968లో విడుదలైన జ్యోతే, మారింది తెగులు. మెక్సికోకు చెందిన సొలానమ్ డెమిసమ్ అనే అడవి జాతి నుంచి సాగు రకాల్లోకి తెచ్చిన ప్రధాన జన్యువులు, తెగులు కారకమైన ఫైటోఫ్తోరా వదిలే ఏదో ఒక ప్రొటీన్‌ను గుర్తుపట్టి, అది సోకిన కణాలను అక్కడికక్కడే చంపేస్తాయి. తెంపిన ఆకు అడుగున ఫైటోఫ్తోరా బీజాలు కలిపిన నీటిచుక్క వేసి తేమలో ఉంచితే, తట్టుకునే ఆకు మీద సూదిమొనంత నల్లచుక్క మాత్రమే మిగులుతుంది. లొంగిన ఆకు కొద్దిరోజుల్లోనే నీరుపట్టి మెత్తబడి, మచ్చ అంచున తెల్లటి నూగు పడుతుంది. ఆ ప్రొటీన్ మారినా, లేకుండా పోయినా జన్యువు దాన్ని గుర్తుపట్టలేదు. లెక్కలేనన్ని బీజాలు వదిలే జీవిలో అలాంటి మార్పు వింతేమీ కాదు.

అందుకే ఒక్క బలమైన జన్యువును నమ్ముకోవడం కన్నా, తెగులును నెమ్మదింపజేసే చిన్నచిన్న జన్యువులను ఒకచోట చేర్చడమే మేలని నా అభిప్రాయం. అయితే ఆ చేర్చడమే కష్టం. సాగు బంగాళాదుంపలో ప్రతి క్రోమోజోమూ నాలుగేసి ప్రతుల్లో, మొత్తం 48 ఉండటం వల్ల, ఒకే కాయలోని గింజలు దేనికది వేరుగా మొలుస్తాయి. అడవి జాతిని వాడితే నిరోధకతతో పాటు చిన్న దుంపలు, చేదు కూడా వస్తాయి. వాటిని వదిలించుకోవడానికి సాగు రకాలతో మళ్ళీ మళ్ళీ సంకరపరచాలి. పైగా మైదానాల్లో శీతాకాలపు పొట్టి పగళ్లకు చాలా రకాలు సరిగా పూయవు కాబట్టి, ఈ పని కుఫ్రి వంటి ఎత్తైన చోట వేసవిలోనే సాగుతుంది. విచ్చబోయే మొగ్గను విప్పి, పట్టకారుతో కేసరాలు తీసేసి, కీలాగ్రానికి తండ్రి రకం పుప్పొడి అద్ది, చీటీ కడతాం. కాయ రాలినా పోకుండా పల్చటి గుడ్డసంచి తొడుగుతాం. ఆ గింజల మొక్కల్లో అత్యధిక భాగం ఏరివేతలోనే పోతాయి. మిగిలినవి రకంగా విడుదల కావడానికి పదేళ్లు దాటడం మామూలే.

మీది కొండ ప్రాంతమైతే కుఫ్రి గిరిధారిని ప్రయత్నించవచ్చు. ఏ రకమైనా, మబ్బుపట్టి చల్లటి తేమ వాతావరణం మొదలైతే, మచ్చ కనబడక ముందే మాంకోజెబ్ అనే తెగులు మందు పిచికారీ చేయడం మానకండి.