రూట్ నిండినవాళ్ల కోసం రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ఉబుంటు లైనక్స్‌లో రూట్ పార్టిషన్, అంటే సిస్టమ్ ఫైళ్లుండే డిస్కు భాగం, నిండిపోతే ఏం చేయాలో తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా సంతోషం. కానీ మొదటి రెండు పేరాలూ లైనక్స్ చరిత్రకే పోయాయి. చదివేవాడికి అంత తీరిక ఉండదు. చోటు బొత్తిగా లేకపోతే చాలాసార్లు పాస్‌వర్డ్ కొట్టినా మళ్లీ లాగిన్ తెరే వస్తుంది. అప్పుడు నీ వ్యాసాన్ని ఫోన్‌లో చదువుతాడు. అందుకే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి కన్సోల్‌లోకి, అంటే కమాండ్లు కొట్టే తెరలోకి, వెళ్లమని ముందే చెప్పు. కమాండ్లు పొట్టిగా ఉండాలి, ఫోన్ చూస్తూ చేత్తో కొట్టుకోవాల్సినవి కదా.

ఏదైనా తీసేయమనేముందు చూడమను. ఏ పార్టిషన్ నిండిందో డీఎఫ్ మైనస్ హెచ్ (df -h) కమాండ్ చెబుతుంది, ఏ ఫోల్డర్ పెరిగిందో డీయూ (du) చెబుతుంది. డీయూకి మైనస్ ఎక్స్ తప్పకుండా పెట్టించు. లేకపోతే వేరే పార్టిషన్‌లో ఉన్న హోమ్‌నీ, తగిలించిన పెన్‌డ్రైవ్‌నీ కూడా లెక్కలో కలిపేస్తుంది. పాత లాగ్‌లు, సాఫ్ట్‌వేర్ పెట్టే ఆప్ట్ దించుకున్న ప్యాకేజీలు, డాకర్ ఇమేజ్‌లు, వీటికి తలా రెండు వాక్యాలు చాలు.

నువ్వు ఒక్క లైన్లో దాటేసిన చోటే నాకు వివరంగా కావాలి. ఒకతను 20 జీబీ లాగ్ ఫైల్‌ని ఆర్‌ఎం (rm) కమాండ్‌తో తీసేశాడనుకో. డీయూ లెక్క తగ్గింది, డీఎఫ్ మాత్రం ఇంకా 100 శాతమే అంటోంది. అక్కడ మొదలవుతుంది అసలు టెన్షన్. ఆర్‌ఎం తీసేది ఫోల్డర్‌లో ఉన్న పేరునే. ఆ ఫైల్‌ని తెరిచిపెట్టుకున్న ప్రోగ్రామ్ దాన్ని మూసేదాకా డేటా డిస్కు మీదే ఉంటుంది. డీయూ ఫోల్డర్లు తిరుగుతూ కనపడ్డ ఫైళ్లనే కూడుతుంది, డీఎఫ్ నేరుగా డిస్కు లెక్కలు ఉంచే ఫైల్ సిస్టమ్‌నే అడుగుతుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్1 (lsof +L1) అని కొడితే ఆ ఫైల్ పక్కన డిలీటెడ్ అనీ, దాన్ని ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో కూడా కనిపిస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ని రీస్టార్ట్ చేస్తే చోటు వచ్చేస్తుంది. నువ్వూ ఈ వరసలోనే రాయి: అతనికి కనపడే వింత ముందు, కారణం తర్వాత, కమాండ్ ఆ తర్వాత.

జీబీలు ఖాళీగా ఉన్నా చోటు లేదని వస్తుంటే ఐనోడ్లు, అంటే ఫైల్‌కొకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు, అయిపోయి ఉండొచ్చు, డీఎఫ్ మైనస్ ఐ చూడమను. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే ఇలా జరుగుతుంది.

ఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ యూజర్ (అన్ని అధికారాలున్న అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది, 50 జీబీలో అది 2.5 జీబీ. దాన్ని నువ్వు దండగ అన్నావు, నేను ఒప్పుకోను. మామూలు యూజర్ ఫైళ్లతో డిస్కు నిండిపోయినా సిస్టమ్ సర్వీసులు నడుస్తున్నాయంటే ఆ చోటు వల్లే.

వార్ లిబ్ (/var/lib) ఫోల్డర్ మొత్తం ఖాళీ చేయొచ్చన్న వాక్యం ఈ రోజే కొట్టేయ్. ఏ ప్యాకేజీలు ఉన్నాయో చెప్పే డీపీకేజీ లెక్కలూ, మైఎస్‌క్యూఎల్ డేటా కూడా ఉండేది అక్కడే. నీ మాట నమ్మి ఎవరైనా అది చేస్తే మళ్లీ కోలుకోలేరు.

పంపేముందు ఒక వర్చువల్ మెషీన్‌లో పెద్ద ఫైల్ సృష్టించే ఫాలొకేట్ కమాండ్‌తో రూట్‌ని నువ్వే నింపు. లైనక్స్ అంతగా తెలియని స్నేహితుణ్ణి దాని ముందు కూర్చోబెట్టి, నీ వ్యాసం ఫోన్‌లో ఇచ్చి, నువ్వు ఏమీ మాట్లాడకుండా చూడు. అతను ఎక్కడ ఆగితే అక్కడ తిరగరాసి నాకు పంపు.

ప్రేమతో,
అన్న