పాత గుళ్లలో ఒరిగిన స్తంభాలు భూకంపానికి సాక్ష్యమేనా?

నల్లగొండ, పాలమూరు వైపు పాత గుళ్లలో కనిపించే ఒరిగిన స్తంభాలు, విరిగిన దూలాలు పూర్వకాలపు భూకంపాల గుర్తులేనా అని మీరు అడిగారు. అయ్యే అవకాశం లేకపోలేదు గానీ, ఒక్క గుడిని చూసి ఆ మాట అనలేము. జీర్ణోద్ధరణ పనుల్లో కొన్నేళ్లు కొలతలు తీసినవాడిగా చెబుతున్నాను: నేను చూసిన ఒరుగుళ్లలో చాలావాటికి భూకంపంతో సంబంధం లేని కారణాలే బయటపడ్డాయి.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక చెరువు కట్ట కింది గుడినే తీసుకోండి. మండపంలో గుండు దారం వదిలి చూస్తే కట్ట వైపు వరుసలోని స్తంభాలన్నీ అటే వాలి ఉన్నాయి, అవతలి వరుస మాత్రం నిటారుగా ఉంది. భూమి ఊగితే ఒక వరుసను వదిలి మరో వరుసనే పట్టుకోదు కదా! పునాది పక్కన తవ్వించగా ఆ వైపు నల్లరేగడి కనిపించింది. చెరువు ఊటకు ఉబ్బుతూ, ఎండాకాలం కుంచించుకుపోతూ ఏళ్ల తరబడి అది అధిష్ఠానాన్ని, అంటే గుడి నిలిచిన రాతి పీఠాన్ని, కుంగదీసింది. గర్భగుడిలో పానవట్టం పక్కకు జరిగి ఉండటాన్ని ఊరివాళ్లు భూకంపం మహిమగా చెప్పుకున్నారు గానీ, దాని కింద గుప్తనిధుల కోసం తవ్విన గొయ్యి ఇంకా పూడనేలేదు.

భూకంపం వదిలిపోయే గుర్తులు వేరు. స్తంభాలు పక్కపక్కనే వరుసగా ఒకే దిక్కుకు పడి ఉండటం, రాళ్లు తమ చోటనే కొద్దిగా తిరిగి ఉండటం, ఒకే పగులు అతుకుల దగ్గర ఆగకుండా రాయి తర్వాత రాయిని చీల్చుకుంటూ పోవడం, కోట ద్వారాల్లో కమాను నడినెత్తిన ఉన్న రాయి కిందికి జారడం వంటివి చూస్తారు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. ఒకే కాలపు కట్టడాలు అనేకం, వేర్వేరు నేలల మీద ఉన్నవి కూడా, ఒకే సమయంలో దెబ్బతిన్నాయని తేలితేనే వాదన నిలబడుతుంది. కాలాన్ని తేల్చేది మట్టి పొరలు: పగులు ఏ పొర దగ్గర ఆగిపోయిందో, కూలిన గోడ కింద ఏ కుండలు, ఏ నాణేలు చిక్కుకున్నాయో చూడాలి. సైప్రస్‌లోని కూరియన్‌లో ఇంటి శిథిలాల కింద ఒక పురుషుడు, స్త్రీ, పసిబిడ్డ అస్థిపంజరాలు దొరికాయి. నాణేల ఆధారంతో ఆ కూలుడును క్రీ.శ. 365 నాటి భూకంపంతో ముడిపెట్టారు. మన దేశంలో రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లో గోడలే కాక వాటి కింది పొరలు కూడా తెగి జారి ఉండటాన్ని బట్టి, హరప్పా పూర్వపు ఆ ఊరిని క్రీ.పూ. 2600 ప్రాంతంలో భూకంపం దెబ్బతీసిందని తవ్వకాలు జరిపినవారు అభిప్రాయపడ్డారు.

మనది గట్టి రాతినేల, ఇక్కడ పెద్ద భూకంపాలు రావన్న ధీమా చాలామందిలో ఉంది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చిన భూకంపం ఆ ధీమాను వమ్ము చేసింది. ఇటువంటి చోట్ల రెండు పెద్ద కంపాల మధ్య వేల ఏళ్లు గడవవచ్చు కనుక రాతపూర్వక చరిత్ర చాలదు. కిల్లారి తర్వాత పరిశోధకులు ప్రాచీన పట్టణమైన తేర్ దగ్గర కూడా పాత కంపాల జాడలు వెతకడానికి కారణం ఇదే.

నా దృష్టిలో మన ప్రాంతానికి ఇంతకన్నా ఉపయోగపడే ఆధారం పడిపోయిన రాళ్లలో కాదు, పడని రాళ్లలో ఉంది. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున బృహత్ శిలాయుగపు నిలువురాళ్లు మనిషికి రెండింతల ఎత్తున ఇంకా నిలబడి ఉన్నాయి. మన గుట్టల మీద రాతిగుండు మీద గుండు నిలిచి ఉండటం చూస్తూనే ఉంటాము. అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడాల్లో ఇటువంటి గుండ్లను కొలిచి, అవి దొర్లాలంటే నేల ఎంత బలంగా ఊగాలో లెక్కగట్టి, ఆ గుండ్లు అలా నిలిచి ఉన్న కాలమంతటిలో అంతటి కంపం అక్కడ రాలేదని అంచనా వేస్తారు. నిలువురాళ్ల విషయంలో ఒక చిక్కు ఉంది. రాయి భూమిలోకి ఎంత లోతున పాతుకుందో తెలియకుండా లెక్క కుదరదు, పైగా వాటిలో కొన్నింటిని తర్వాతివాళ్లు తిరిగి నిలబెట్టి ఉండవచ్చు.

మీరు సొంతంగా ఏదైనా గుడిలో కొలతలు తీయదలిస్తే, ఒరిగిన దిక్కును దిక్సూచితో రాసుకోండి, నేల రకాన్ని, దగ్గరలోని చెట్లను, చెరువును కూడా నమోదు చేయండి. అన్నిటికన్నా ముందు ఆ గుడిని ఎప్పుడైనా విప్పి తిరిగి కట్టారేమో కనుక్కోండి. శ్రీశైలం ముంపు నుంచి తప్పించడానికి అలంపురం తరలించిన కూడవెల్లి సంగమేశ్వరాలయంలో అతుకుల ఎడం కొలిస్తే మీకు తెలిసేది చాళుక్యుల నాటి కంపాల సంగతి కాదు, తిరిగి పేర్చిన మేస్త్రీల పనితనం.