ఆ బండ ఎక్కడికి పోయింది?

నాయనా,

మీ పెరట్లో తోట వేసుకోవడం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంగా, రెండోసారి ఒక్క వాక్యం కోసం. "అమ్మ బట్టలుతికే బండను గోడవారకు జరిపాం" అని రాసి వెంటనే గులాబీల దగ్గరికి వెళ్లిపోయావు. ఆ బండను ఎంతమంది జరిపారు? గడ్డపారతో లేపారా, కింద కట్టెలు పెట్టి దొర్లించారా? దాని కింద మన్ను ఎట్లా ఉంది? ఏళ్ల తరబడి సబ్బునీళ్లు తాగిన చోట ఏం నాటారు, అది బతికిందా? అన్నిటికన్నా ముందు, ఇప్పుడు మీ అమ్మ ఎక్కడ ఉతుకుతోంది?

"మూడు నెలల్లో మా పెరడు స్వర్గంగా మారిపోయింది" అన్న మాట కొట్టేయ్. తిరుపతి ఎండల్లో మూడు నెలలకు మొక్క వేరు నిలదొక్కుకుంటే అదే ఎక్కువ. నర్సరీ కుండీలు వరసగా పెట్టి ఫోటో తీయడం ఒక్క పూట పని. ఈమధ్య అందరూ ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో పెట్టి ఊరుకుంటున్నారు, మధ్యలో పడ్డ పాట్లు ఎవరూ రాయరు. నాకు చదవాలని ఉండేది ఆ పాట్లే.

2021 వేసవిలో మా ఇంటి వెనక నేనూ మా ఆయనా కడప బండలు పరిచాం. బండలు పరిచే బేల్దారిని పిలవలేదు. రెండంగుళాల ఇసుక పోసి, వాలు చూసే రసమట్టం కూడా పెట్టకుండా కంటి అంచనాతో వేసుకుంటూ పోయాం. చూడ్డానికి చక్కగా ఉన్నాయి. నవంబరులో తిరుపతి వీధులన్నీ నీళ్లపాలైన ఆ రాత్రి పెరట్లో నీళ్లన్నీ నేరుగా వంటింట్లోకి వచ్చాయి. వాలు ఇంటివైపుకే ఉందని అప్పుడు తెలిసింది. గోడ నుంచి బయటికి పదడుగులకు రెండంగుళాలైనా దిగాలి. మరుసటేడు ఒక్కో బండా ఊడబీకి మళ్లీ వేశాం, నాలుగు నెలలు పట్టింది. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, నిమ్మ ఎక్కడ వద్దో, అరటి ఎక్కడ పెట్టాలో ఆ నాలుగు నెలల్లోనే నాకు తెలిసొచ్చింది.

అదంతా రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు మొక్క చుట్టూ నీళ్లు నిలవడానికి తీసే "పాది"ని "వలయాకారపు గుంట" చేశాడు. బండలు ఊడబీకిన భాగం మొత్తం తీసేసి, చివర "పచ్చదనం మనసుకు హాయి" అని తనే కలిపి నా పేరుతో వేశాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. నీ వ్యాసం చివర అచ్చం అలాంటి వాక్యమే, నీ అంతట నువ్వే రాసుకున్నావు! ఎవరూ అడగకుండానే ఎందుకు రాశావయ్యా?

ఫోన్‌లో నాతో "చెనక్కాయ పొట్టు" అన్నావు, వ్యాసంలో అది "సేంద్రియ ఆచ్ఛాదన" అయింది. పాదిలో రెండు మూడంగుళాల మందాన పొట్టు పరిస్తే తేమ తొందరగా ఆరదని, కలుపు తగ్గుతుందని మీ నాయన చెప్పాడన్నావు కదా, ఆ మాట ఆయన నోటితోనే చెప్పించు. మామిడికి మూడడుగుల గుంత తీసి ఎండకు వదిలేశామని రాశావు. ఎందుకు వదిలేశారో రాయలేదు. ఎండకు మట్టిలో పురుగూ తెగులూ చాలావరకు చస్తాయని మనకు తెలుసు, చదివేవాడికి తెలియద్దా? గుంత అట్లా ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఇంట్లో వాళ్లు ఏమన్నారు, ఎవరైనా విసుక్కున్నారా, అదీ రాయి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఇప్పుడే ఎక్కడికీ పంపొద్దు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైనప్పుడు గొడుగు వేసుకుని పెరట్లో నిలబడు. నీళ్లు ఎటు పోతున్నాయో, ఆ బండ ఉండిన పాతచోట నిలుస్తున్నాయేమో చూసి, చూసింది చూసినట్టు రాసి నాకు పంపు. అమ్మను అడగడం మరిచిపోవద్దు.