‘వ్యూహాత్మక నాయకత్వం’ – ఎవరి మీద వ్యూహం?

సందేహం: మహిళా పొదుపు సంఘాల సమాఖ్యల్లో బాధ్యతలు తీసుకున్నవాళ్లకు శిక్షణ ఇచ్చే చిన్న సంస్థ మాది. ఇంగ్లిషులో ‘స్ట్రాటజిక్ లీడర్‌షిప్’ అని ఉన్న పాఠానికి తెలుగులో ‘వ్యూహాత్మక నాయకత్వం – అభ్యాసం, సాధన’ అని పేరు పెట్టాం. బోర్డు మీద అది చదివి ఒక సమాఖ్య కోశాధికారి ‘వ్యూహమా? ఎవరి మీదండీ?’ అని అడిగింది. అందరూ నవ్వేశారు గానీ నన్ను ఆ ప్రశ్న వదల్లేదు. మా అనువాదం తప్పా? ఇంతకన్నా మంచి మాట ఉందా? ఇంకో చిన్న సందేహం. అధ్యక్షురాలిని ‘నాయకురాలు’ అనే రాయాలా, ‘నాయకుడు’ అన్నా ఫర్వాలేదా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అనువాదం తప్పు కాదమ్మా. అలాగని ఆ కోశాధికారి ప్రశ్నా తప్పు కాదు. మీరు నిఘంటువు చూసి రాశారు, ఆమె చెవితో విన్నది. ఈ రెండింటికీ మధ్య ఎడం ఎలా వచ్చిందో చూస్తే మీ సందేహం చాలావరకు తీరుతుంది.

ఒక మాటకు ఏ వాసన అంటిందో తెలియాలంటే అది ఎవరితో కలిసి తిరుగుతోందో చూడాలి. ‘వ్యూహం’ పక్కన మనం వాడే క్రియ ‘పన్నడం’. వ్యూహం పన్నారు అంటాం. ఇంకేం పన్నుతాం? కుట్ర పన్నుతాం, వల పన్నుతాం, పన్నాగం పన్నుతాం. నిజానికి పన్నడమంటే సిద్ధం చేయడం, అమర్చడం, అంతే. పాత కావ్యాల్లో రథాన్ని కూడా పన్నేవారు. కానీ ఇప్పుడు మంచి పని ఏదీ పన్నం. పెళ్లి పన్నామని, పిల్లల చదువు పన్నామని ఎవరూ అనరు కదా. దానికి తోడు పత్రికలు, టీవీలు ఉన్నాయి. ఎన్నికల వ్యూహకర్త, ప్రత్యర్థిని చిత్తు చేసే వ్యూహం, ఫలానా నేత వ్యూహాత్మక మౌనం. ఈ ‘వ్యూహాత్మక మౌనం’లో సగం సందర్భాల్లో ఆ మనిషికి చెప్పడానికి ఏమీ లేక ఊరుకున్నాడనే నా అనుమానం. రోజూ ఇవే వింటున్న ఆమెకు బోర్డు మీద ‘వ్యూహాత్మక’ అని కనబడితే అవతల ఓ శత్రువు ఉండాలి కదా అనిపించింది. న్యాయమే.

ఇక మాట పుట్టుక సంగతి. వ్యూహం అంటే వి+ఊహ, అంటే విశేషమైన ఊహ అని చాలామంది అనుకుంటారు. శిక్షణ తరగతుల్లో కూడా అలాగే చెబుతుంటారని విన్నాను. వినడానికి బాగానే ఉంటుంది గానీ సరికాదు. ఆలోచనకు సంబంధించిన ఊహ వేరు. ఇక్కడి ధాతువుకు జరపడం, అమర్చడం అని అర్థం. దానికి ‘వి’ చేరితే విడివిడిగా, ఎక్కడివక్కడ అమర్చడం. సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు తన కోశంలో ‘వ్యూహస్తు బలవిన్యాసః’ అన్నాడు. బలాన్ని పేర్చే తీరు వ్యూహం. ఇందులో శత్రువు ఊసే లేదు, చూడండి. ఉన్న బలమెంత, దాన్ని ఎక్కడ ఎంత పెట్టాలి అన్నంత వరకే ఆ మాట. వైష్ణవ ఆగమాల్లోని చతుర్వ్యూహం ఇంకా మంచి సాక్ష్యం. వాసుదేవ, సంకర్షణ, ప్రద్యుమ్న, అనిరుద్ధులుగా దేవుడు నాలుగు రూపాల్లో విస్తరించడాన్ని వ్యూహమంటారు. అక్కడ ఎవరి మీదా యుద్ధం లేదు.

మీ పాఠం పేరులోని రెండు మాటలూ భగవద్గీత మొదటి అధ్యాయంలో దగ్గర దగ్గరగానే ఉన్నాయి. పాండవసేన ‘వ్యూఢం’గా, అంటే వ్యూహంగా తీరి ఉండడం చూసి దుర్యోధనుడు ద్రోణుడి దగ్గరికి వెళ్తాడు. కాసేపటికి ‘నాయకా మమ సైన్యస్య’ అంటూ తన వైపు ముఖ్యుల పేర్లు చెబుతాడు. అంటే ఈ జంట కొత్తది కాదు. మనకు కొత్తగా వచ్చింది ‘ఆత్మక’ అనే తోక.

ఆ సందర్భానికి కాస్త ముందు, భీష్మపర్వంలోనే ఇంకో ఘట్టం ఉంది. మీ తరగతికి పనికొస్తుందని దాన్ని కొంచెం వివరంగా చెబుతాను. కౌరవులవి పదకొండు అక్షౌహిణులు, పాండవులవి ఏడు. ఎదుట పేర్చి ఉన్న పెద్ద సేనను చూసి ధర్మరాజు అర్జునుడితో ఏమంటాడంటే: బృహస్పతి చెప్పిన మాట ఒకటుంది, తక్కువమంది ఉన్నవాళ్లు ఒక్కచోట కూడి పోరాడాలి, ఎక్కువమంది ఉన్నవాళ్లు కావలసినంత మేర పరుచుకోవచ్చు, కొద్దిమంది చాలామందిని ఎదుర్కోవలసి వస్తే సేన ముఖం సూదిమొనలా ఉండాలి. మనది చిన్న సేన, కాబట్టి ఆ ప్రకారం పేర్చు అంటాడు. అర్జునుడు విని, వజ్రవ్యూహం పేరుస్తానంటాడు.

ఇందులో రెండు సంగతులు గమనించండి. మొదటిది, వ్యూహం అక్కడ శత్రువును మోసం చేసే ఉపాయం కాదు. ఇద్దరూ ఎదురెదురుగా, పట్టపగలు, అందరికీ కనబడేలా పేర్చుకున్నదే. రెండోది, ధర్మరాజు లెక్క తన బలంతోనే మొదలైంది. మనం ఎంతమందిమి, అందుకని కుదించుకోవాలా, పరుచుకోవాలా? మీ సమాఖ్యల భాషలోకి దించితే ఇలా ఉంటుంది. ఒక సమాఖ్య దగ్గర కొంత నిధి ఉంది. అందరికీ తలా కాస్త పంచడమా, లేక ఈ ఏడాది పాడి గేదెలకే ఇచ్చి, వచ్చే ఏడాది కుట్టు మిషన్ల సంగతి చూడడమా? అలా తేల్చడమే బలవిన్యాసం. ఏది చేయాలో ఎంచుకోవడంతో పాటు ఏది ఇప్పటికి వదిలేయాలో కూడా ఎంచుకోవడం అందులో ఉంది. ఈసారి ఆ కోశాధికారి ‘ఎవరి మీద?’ అని అడిగితే ‘ఎవరి మీదా కాదమ్మా, నీ చేతిలో ఉన్న పాస్‌బుక్కు మీద’ అనండి.

అభిమన్యుడి కథ కూడా చెప్పుకోవచ్చు గానీ అది ఎంతసేపూ లోపలికి వెళ్లడం తెలిసి బయటికి రావడం తెలియని కుర్రవాడి కథగానే ముగిసిపోతుంది. అసలు లోపం అతని చదువులో కన్నా పెద్దల ఏర్పాటులో ఉంది. వెనకాలే వస్తామన్న పెద్దవాళ్లను సైంధవుడు వాకిట్లోనే ఆపేశాడు. ఆపేస్తే ఏం చేయాలన్నది ఎవరూ ముందు అనుకోలేదు. పనులకు అడ్డం పడేవాణ్ని ‘సైంధవుడు’ అనడం మాత్రం తెలుగువాళ్లకు మిగిలింది.

సైన్యపు అమరికకు మన పాత తెలుగులో ‘మొగ్గరం’ అనే మాట ఉండేది. కావ్యాలు చదివేవాళ్లకు తప్ప ఇవాళ తెలియదు. దాన్ని బోర్డు మీద రాస్తే కోశాధికారి ఈసారి నవ్వదు కూడా, భయపడుతుంది. కాబట్టి వదిలేద్దాం. ఇక ‘ఎత్తు’ ఉంది. చదరంగంలో ఒక్కో కదలిక ఒక్కో ఎత్తు. ఎత్తుకు పైఎత్తు అంటాం. దాన్నుంచి వచ్చిందే ‘ఎత్తుగడ’. కమ్యూనిస్టు పార్టీల తెలుగులో ‘వ్యూహం – ఎత్తుగడలు’ అని జంటగా వాడి, మొదటిది దీర్ఘకాలానికి, రెండోది అప్పటికప్పటికి అని తేడా స్థిరపరిచారు. ఈ తేడాను మేనేజిమెంటు పాఠాలవాళ్లు కూడా హాయిగా తీసుకోవచ్చు. మంచి మాట ఎవరి దగ్గరుంటేనేం?

ఇంకో తమాషా చెప్పాలి. ఇంగ్లిషు ‘స్ట్రాటజీ’ గ్రీకు భాషలోని ‘స్ట్రాటెగోస్’ నుంచి వచ్చింది. స్ట్రాటోస్ అంటే సేన, తర్వాతి ముక్కకు నడిపించడమని అర్థం. అంటే మన ‘సేనాని’. సేనాని అన్నా సేనను నడిపేవాడే, అందులో ఉన్నది ‘నీ’ ధాతువు. అలా చూస్తే ‘స్ట్రాటజిక్ లీడర్‌షిప్’లో నడిపించడం రెండుసార్లు ఉంది. ‘గేటు వాకిలి’ లాంటిదే ఇదీ. వాడుకలో అలాంటివి నిలబడిపోతాయి, తప్పు పట్టక్కర్లేదు.

నాయకుడు, నేత అన్న మాటలూ ఈ ‘నీ’ ధాతువువే. దీని సంతానం చాలా పెద్దది. నీతి, నయం, వినయం, అనునయం, అభినయం, ఉపనయనం, పరిణయం అన్నీ దాని పిల్లలే. ఉపనయనమంటే గురువు దగ్గరికి తీసుకెళ్లడం, పరిణయమంటే అగ్ని చుట్టూ నడిపించడం. ‘నయానో భయానో’ అన్నప్పుడు నయం వైపు ఉన్నది ఈ నాయకుడే. భయం వైపు ఉన్నవాడికి వేరే పేరు పెట్టుకోవాలి. కాకతీయుల నాటికి నాయకుడంటే రాజు ఇచ్చిన నాయంకరం, అంటే కొన్ని ఊళ్ల మీది రాబడి, అనుభవిస్తూ, దానికి బదులుగా సైన్యాన్ని పోషించేవాడు. ఆ బిరుదే అరిగి నాయుడు అయింది.

ఇవి సంస్కృతం వైపు నుంచి వచ్చినవి. అచ్చతెలుగు చూస్తే, నా మటుకు నాకు ‘నాయకత్వం’ కన్నా ఎక్కువ సంగతి చెప్పే జంట ఒకటి దొరికింది. ‘పెద్ద’ అన్న ఒక్క మాట నుంచే మనం రెండు తయారు చేసుకున్నాం. పెద్ద+రికం పెద్దరికం, పెద్ద+తనం పెత్తనం. మూలం ఒకటే, ప్రత్యయాలు కూడా దాదాపు ఒకే పని చేసేవి. కానీ వాడుక వాటిని ఎంత దూరం తీసుకెళ్లిందో చూడండి. పెద్దరికం ఎదుటివాళ్లు ఇస్తే వస్తుంది, మనం నిలబెట్టుకోవాలి. పెత్తనం మనమే చెలాయిస్తాం. ‘ఆవిడ పెద్దరికం చూసి ఊరుకున్నాను’ అంటాం, ‘ఆవిడ పెత్తనం ఏమిటి నా మీద’ అంటాం. ఈ రెండు వాక్యాలు బోర్డు మీద రాసి మీ వాళ్లను మాట్లాడమనండి. పూటంతా పాఠం అదే నడుస్తుంది.

పెద్దరికానికి మన నేల మీది ఉదాహరణ కావాలంటే శ్రీహరికోట ఉంది. 1979 ఆగస్టు 10న అక్కడినుంచి ఎగిరిన మొదటి ఎస్‌.ఎల్‌.వి.–3 రాకెట్టు సముద్రంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు కలాం. కానీ విలేకరుల ముందుకు వెళ్లి జవాబు చెప్పుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు విజయవంతమైనప్పుడు విలేకరులతో నువ్వే మాట్లాడు అని కలాంను పంపించారు. కలాం చాలా సభల్లో చెప్పిన సంగతే, మీరూ వినే ఉంటారు. దాన్ని ఇంగ్లిషు పుస్తకాలు ఏ పేరుతో పిలుస్తాయో గానీ, మా ఇంట్లో అమ్మమ్మ వింటే ‘పెద్దరికం అంటే అదీ’ అనేది.

సరే, పాఠానికి ఏం పేరు పెట్టాలి? ‘ఆత్మక’ చేర్చి విశేషణాలు తయారు చేయడం తప్పేమీ కాదు. నిర్మాణాత్మక, ప్రయోగాత్మక వాడుతూనే ఉన్నాం. విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకంలోనో, ప్రభుత్వ పత్రంలోనో ‘వ్యూహాత్మక నాయకత్వం’ నిక్షేపంగా ఉండొచ్చు. సమాఖ్య బోర్డు మీద మాత్రం నేనైతే ‘ముందుచూపుతో సంఘాన్ని నడపడం’ అని రాస్తాను. ఇంగ్లిషుకు నామవాచకాలను ఒకదాని మీద ఒకటి పేర్చడం ఇష్టం, తెలుగుకు క్రియ ఇష్టం. మనం ఇల్లు నడుపుతాం, బడి నడుపుతాం, సంఘం నడుపుతాం. ఆ కోశాధికారి రోజూ చేస్తున్న పనికి ఆమె రోజూ వాడే మాట ఉంది కదా. ‘దూరదృష్టి’ కూడా బాగానే ఉంటుంది గానీ యాభై దాటినవాళ్లకు అది కళ్లజోడును గుర్తు చేస్తుంది. ముందుచూపు అన్న మాటలో ‘ఎంచుకోవడం’ అనే అర్థం పూర్తిగా రాదన్నది నిజమే. ఆ లోటు పాఠం లోపల పూరించుకోండి.

‘అభ్యాసం, సాధన’ అని మీరు పక్కపక్కన పెట్టినవి దాదాపు ఒకటే. ఇంగ్లిషు ‘ప్రాక్టీస్’కు రెండు ముఖాలున్నాయి. పాటగాడు ఇంట్లో చేసే ప్రాక్టీసు సాధన. డాక్టరు ఊళ్లో పెట్టే ప్రాక్టీసు సాధన కాదు, వృత్తి. నేర్చుకున్నదాన్ని పనిలో పెట్టడానికి మన మాట ఆచరణ. మీ తరగతిలో ఉత్తుత్తి సమావేశాలు పెట్టి ఒకరిచేత అధ్యక్షత వహింపజేస్తే అది సాధన. ఆమె ఊరెళ్లి, అప్పు కట్టని సొంత వదినగారిని నిలబెట్టి అడిగితే అది ఆచరణ. ఎంత తేడా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ‘నేర్చుకోవడం, ఆచరించడం’ అంటే సరిపోతుంది. వేమన ‘సాధనమున పనులు సమకూరు ధరలోన’ అన్నప్పుడు సాధనమంటే ఈ సాధనే. ఇప్పుడు సాధనం అంటే పనిముట్టు అయిపోయింది కాబట్టి ‘నాయకత్వ సాధనం’ అని మాత్రం రాయకండి, ఎవరో సుత్తీ శానం వెతుక్కుంటారు. అన్నట్టు, ‘నేర్పు’ అన్న మాట కూడా గుర్తుంచుకోండి. క్రియగా దానికి ఇంకొకరికి చెప్పివ్వడమని అర్థం, నామవాచకంగా మనలోని చాకచక్యమని అర్థం.

చివరి సందేహం. ‘నాయకురాలు’ అనే రాయండి. సంస్కృత పద్ధతిలో ‘నాయిక’ అనాలి గానీ తెలుగులో నాయిక కావ్యాలకూ సినిమాలకూ పోయింది. నాయకురాలు మనం మన ప్రత్యయంతో చేసుకున్న మాట. పల్నాటి కథల్లో గురజాల నలగామరాజు కొలువులో మంత్రాంగం నడిపిన నాగమ్మను జనం ఇప్పటికీ ‘నాయకురాలు నాగమ్మ’ అనే అంటారు. బిరుదే పేరులో భాగమైపోయింది. కోడిపందెం దగ్గర ఆమె వేసిన ఎత్తుల గురించి తీర్పు చెప్పమంటే పల్నాడులో ఇప్పటికీ ఊరు రెండుగా చీలుతుంది, మనకెందుకు. ‘మహిళా నాయకుడు’ అన్నది మాత్రం ఎబ్బెట్టు. సంఘాల్లో అందరూ అనే ‘లీడరు’ అయితే ఆడా మగా తేడా లేకుండా సరిపోతుంది, దాన్ని దిద్దబోకండి. ఇంకో మాట. మీ ఉత్తరంలో ఒకచోట ‘సారధ్యం’ అని పడింది. అది ‘సారథ్యం’. రథం ఉంది కదా లోపల.